రాళ్లు ఏరుదామా, ఫాసిళ్లు వెతుకుదామా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఎంపిక సలహా

రాళ్లు ఏరడం హాబీగా పెట్టుకుందామనుకునే వాళ్లలో ఎక్కువమంది మనసులో ఉండేది ఫాసిలే, అంటే రాయిగా మారిన పాతకాలపు జీవి ఆనవాలు. వీడియోల్లో ఎవరో గుండ్రాయి మీద సుత్తితో ఒక్కటిస్తారు, అది రెండుగా విచ్చుకుంటుంది, లోపల నత్తగుల్ల చుట్ట కనబడుతుంది. అది చూసి సుత్తి కొనుక్కుని నెల్లిమర్ల వైపు కొండకో, పాలకొండ వైపు మెట్టకో బయల్దేరితే సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కడం తప్ప ఇంకేమీ ఉండదు. తప్పు సుత్తిది కాదు, వెతికేవాళ్లదీ కాదు. మన కొండల్లో అవి లేవు.

ఎందుకు లేవో ముందే తెలిస్తే మిగతా ఎంపికంతా తేలికవుతుంది. మన రెండు జిల్లాల కింద ఉన్నది తూర్పు కనుమల రాయి. అందులో చాలా భాగం ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట అదంతా భూమిలో ఇరవై పాతిక కిలోమీటర్ల లోతుకి దిగిపోయింది. అక్కడ కొన్ని చోట్ల 900 డిగ్రీలు దాటిన వేడికి కాగి, పూర్తిగా కొత్త స్ఫటికాలు కట్టుకుని, తర్వాత మెల్లగా పైకి వచ్చింది. గుల్లలూ పెంకులూ ఉన్న జంతువులు భూమ్మీద విరివిగా కనబడడం మొదలై 54 కోట్ల ఏళ్లే అయింది. అంటే మన రాయి కాగుతున్న రోజులకి ఫాసిల్ అవ్వడానికి నత్త కూడా లేదు. ఒకవేళ ఏదైనా ఉన్నా ఆ వేడికి ఆనవాలు మిగలదు. ఇక్కడి రాళ్లలో సన్నగా మెరిసే గ్రాఫైట్ రేకుల్లో కొన్ని ఆనాటి బురదలోని సూక్ష్మజీవుల కార్బనే కావచ్చన్న అభిప్రాయం ఉంది. ప్రాణానికి సంబంధించిన గుర్తంటూ మన కొండలు ఇవ్వగలిగింది అంతవరకే.

కాబట్టి రాళ్లు, ఖనిజాలు కావాలంటే ఇంటి గుమ్మం నుంచే మొదలుపెట్టొచ్చు. ఫాసిళ్లు కావాలంటే రైలెక్కాలి. నా ఓటు మొదటిదానికే, అయినా రెండో దారి సంగతి ముందు చూసేద్దాం.

ఫాసిళ్ల దారి

ముందుగా ఫాసిల్ అనిపించి మోసం చేసేవి. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల రాళ్ల పగుళ్ల మీద నల్లటి ఆకు కొమ్మల్లాంటి గీతలు కనబడతాయి. ఈనెలతో సహా గీసినట్టు ఉంటాయి, చూసినవాళ్లు ఆకు అచ్చే అని బల్లగుద్ది చెబుతారు. అది మాంగనీసు. నీళ్లలో కరిగిన మాంగనీసు సన్నటి పగులులోకి పాకి, పాకినచోటల్లా కొమ్మలు కొమ్మలుగా గడ్డకడుతుంది. కనిపెట్టడం తేలికే. అసలు ఆకైతే మధ్యలో ఒక ఈనె, దానికి రెండు వైపులా ఒక వరుస, ఒక అంచు ఉంటాయి. మాంగనీసు గీతలు పగులు అంచు నుంచి బయల్దేరి ఎటు పడితే అటు చీలిపోతాయి, ఆకుకి ఉండాల్సిన అంచు ఎక్కడా రాదు. నన్నడిగితే ఫాసిల్ కాకపోయినా దాచుకోదగ్గ రాయే. "ఆకు అచ్చు" అని మాత్రం చీటీ రాయకండి.

రెండో మోసం ఎర్రమట్టి నేలల్లో. వానకి కోసుకుపోయిన గట్టుల్లో తెల్లటి గొట్టాల్లాంటివి, కణుపులున్న ముక్కలు బయటపడతాయి. ఎముకలని పిల్లలు పరిగెత్తుకొస్తారు. ఎక్కువసార్లు అవి సున్నపు కంకరే, చెట్టు వేరు చుట్టూ సున్నం గడ్డకట్టిన ముక్కలు. ఒక నిమ్మకాయ చుక్క పిండితే బుసబుసమంటుంది. ఎముకేమో అన్న అనుమానం అప్పటికీ తీరకపోతే విరిగిన అంచుని భూతద్దంతో చూడాలి. ఎముకలో స్పాంజిలాంటి చిన్న చిన్న అరలు ఉంటాయి, కంకరలో ఉండవు.

నిజమైన ఫాసిల్ నేల మనకి దగ్గరగా ఉన్నది గోదావరి దగ్గర. రాజమండ్రి పక్కన కాతేరు, కొవ్వూరు దగ్గర పంగిడి ప్రాంతంలో సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల నాటి లావా పొరలున్నాయి. ఆ పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాతిలో గుల్లల ఫాసిళ్లు ఉన్నాయని పందొమ్మిదో శతాబ్దం నుంచీ భూగర్భ శాస్త్రవేత్తలు రాస్తూనే ఉన్నారు. ఇంకాస్త దక్షిణానికి పోతే పాత పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాల షేల్ (బురద గట్టిపడిన పొరల రాయి) రాళ్లలో మొక్కల అచ్చులు. కానీ వెళ్లే ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పంగిడి వైపు నల్లరాయి క్వారీల్లో పేలుళ్లు జరుగుతుంటాయి, లోపలికి వెళ్లాలంటే అడగాలి, అడిగినా ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. ఫాసిల్ పొర సన్నది, క్వారీ వాళ్లకి కావలసింది దానికి పైనా కిందా ఉన్న నల్లరాయి. తెలిసినవాళ్లు లేకుండా మనంతట మనం వెళితే సెలవురోజు కాస్తా రోడ్డు మీదే అయిపోతుంది. జియాలజీ చదివే విద్యార్థుల ఫీల్డ్ ట్రిప్పుతో కలిసి వెళ్లడమే సరైన పద్ధతి.

కొనుక్కోవడం ఇంకో దారి. ఆన్‌లైన్‌లో మడగాస్కర్ నుంచి వచ్చే అమ్మోనైట్లు (నత్తలా చుట్టుకున్న గుల్ల ఉన్న పాతకాలపు సముద్రజీవులు), రెండు చెక్కలుగా కోసి పాలిష్ పట్టినవి, ఎక్కువగా అసలువే. చిన్నవైతే ధర కూడా భయపెట్టదు. మొరాకో ట్రైలోబైట్లతో (పురుగులాంటి పాతకాలపు సముద్రజీవులు) మాత్రం జాగ్రత్త, వాటిలో రెజిన్‌తో పోతపోసినవి, సగం అతికినవి చాలా తిరుగుతాయి. గుండుసూది ఎర్రగా కాల్చి మూలన ఆనిస్తే ప్లాస్టిక్ వాసన వస్తుంది. అయితే అమ్మేవాడు మీ ముందు ఆ పని చేయనివ్వడు కదా.

అన్నట్టు, ఏమీ కొనకుండానే ఫాసిల్ ఉన్న ఇళ్లు మన దగ్గర బోలెడు. దేవుడి గదిలో సాలగ్రామం ఉంటే అది నేపాల్‌లోని కాళీగండకి నది రాయి. అందులో కనబడే చక్రం ఎక్కువగా జురాసిక్ కాలపు అమ్మోనైట్ అచ్చే. నానమ్మ ఒప్పుకుంటే స్నానం చేసి వచ్చి భూతద్దం పెట్టి చూడండి. చక్రంలో అడ్డంగా వచ్చే గీతలు ఆ జంతువు గుల్ల మీది పక్కటెముకల్లాంటి మడతలు. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఇంట్లో గొడవ తెచ్చుకునేంత అవసరమేమీ లేదు.

చూడడం చాలనుకునేవాళ్లకి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) వాళ్లు తవ్వి తీసిన ఎముకలవి, 1988లో ఆ పేరు పెట్టారు. పిల్లలకి డైనోసార్ పిచ్చి ఉంటే రాళ్ల సంచీ కంటే ముందు ఆ టికెట్టు కొనండి.

రాళ్ల దారి: ఎక్కడ మొదలుపెట్టాలి

ఇక్కడ నాలుగైదు చోట్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో గుణం. అందరూ ఎగబడేది ఏటి ఒడ్డుకి. నేను మాత్రం కొత్తవాళ్లని ముందు కంకర కుప్ప దగ్గరికి పంపిస్తాను.

ఇల్లు కడుతున్న చోట రోడ్డు పక్కన పోసిన కంకర కుప్ప, అదే 40 ఎంఎం కంకర. నవ్వొస్తుందేమో గానీ నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. ఏటి రాయి అన్ని వైపులా అరిగిపోయి ఉంటుంది, కొండ రాయికి పైన తుప్పుపట్టిన తొక్క ఉంటుంది. క్రషర్ నుంచి వచ్చిన కంకర నిన్న మొన్న పగిలింది, లోపలి రంగులన్నీ తాజాగా కనబడతాయి. మేస్త్రిని అడిగి గుప్పెడు రాళ్లు తీసుకుని ఎండలో మెల్లగా తిప్పి చూడండి. ఒక కోణంలో అద్దంలా ఒక్కసారి మెరిసి మాయమయ్యే చదునైన ముఖాలు ఫెల్డ్‌స్పార్‌వి. ఎంత తిప్పినా చదునుగా మెరవకుండా గాజు పెంకులా, కాస్త జిడ్డుగా కనబడేది క్వార్ట్జ్, మనం పలుగురాయి అనేదే. గోటితో గీకితే పొరలుగా లేచే నల్ల రేకులు అభ్రకం. మధ్యమధ్యలో దానిమ్మ రంగు చుక్కలుంటే అవి గార్నెట్. ఈ నాలుగూ గుర్తుపట్టడం వచ్చిందంటే మన రెండు జిల్లాల్లో కనబడే రాళ్లలో చాలావాటిని చదవగలిగినట్టే. ఖర్చు లేదు, ప్రయాణం లేదు, ఎండదెబ్బ లేదు. చూపించి మెప్పించడానికి పెద్దగా ఏమీ రాదు, అదొక్కటే లోటు.

టెక్కలి వైపు వాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. గ్రానైట్ కోసి పాలిష్ చేసే యూనిట్ల బయట పడేసిన ముక్కలు. పాలిష్ ముఖం మీద ఖనిజాల హద్దులు గీత గీసినట్టు తెలుస్తాయి. నీలిరంగు గ్రానైటని అమ్మే ముక్కని నీళ్లతో తడిపి పక్కకి వంచి చూస్తే ఆ నీలం రాయంతా పరుచుకున్నది కాదని, కొన్ని గింజల్లోంచే వస్తోందని తెలుస్తుంది. అడిగితే ముక్క ఇవ్వనివాళ్లు తక్కువ, అడగకుండా తీస్తే మాత్రం ఎవరికైనా కోపమొస్తుంది.

ఇక ఏర్లు, గెడ్డలు. నాగావళి, వంశధార, చంపావతి, వేగావతి, సువర్ణముఖి, వీటిలో కలిసే చిన్న గెడ్డలు. నది చేసే మేలేమిటంటే ఒడిశా కొండల దాకా ఉన్న రకరకాల రాళ్లని ఒకేచోటికి తెచ్చి పోస్తుంది. గట్టివే మిగులుతాయి, మెత్తవి దారిలోనే పొడైపోతాయి. కళింగపట్నం దగ్గర వంశధారలో రాళ్లు వెతికితే ఇసుకే దొరుకుతుంది. సముద్రం దగ్గరపడే కొద్దీ నీటి వాలు తగ్గి, పెద్ద రాళ్లు పైనే ఆగిపోతాయి. గులకరాళ్లు కావాలంటే గొట్టా బ్యారేజీకి పైన, తోటపల్లికి పైన, కొండల నుంచి దిగే గెడ్డల్లో చూడాలి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి అదను, నీళ్లు తగ్గి రాతి మేటలు బయటపడతాయి, ఎండ ఇంకా ముదరదు. కార్తీకంలో వనభోజనాలకి వెళ్లినప్పుడు కూడా ఓ చూపు వేయొచ్చు గానీ అప్పటికి నీరు ఇంకా ఉంటుంది. నాగావళి, వంశధారల పైభాగం ఒడిశాలో ఉంది. ఇక్కడ చినుకు పడకపోయినా అక్కడ కుండపోతగా కురిస్తే నీళ్లు వచ్చేస్తాయి. వానాకాలంలో ఏటి మధ్య మేటల మీదకి పిల్లల్ని తీసుకెళ్లొద్దు.

ఏటి రాళ్లలో ఎక్కువగా దొరికేవి తెల్ల పలుగురాళ్లు, నైస్ అనే చారల రాయి, గార్నెట్లు పొదిగిన ఖోండలైటు. ఈ ఖోండలైటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన ప్రాంతానికి ముఖ్యమైన రాయి అదే. ఖోండు గిరిజనుల పేరుమీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. క్వార్ట్జ్, గార్నెట్, సిలిమనైట్, కొంచెం గ్రాఫైట్ కలిసిన రాయి. కోణార్క్ గుడి ఎక్కువగా దీనితోనే కట్టారు, పూరీ యాత్రకి వెళ్లినప్పుడు గుడి గోడలు అరిగిన తీరు చూస్తే రాయి ఎంత తేలిగ్గా పెళుసుబారుతుందో తెలుస్తుంది. మన కొండల్లో కూడా పైపొర ఎర్రగా, చేత్తో నలిపితే రాలేలా ఉంటుంది. ఆ రాలే గుణమే మనకి లాభం. చుట్టూ ఉన్నది మెత్తబడి పోయాక గార్నెట్ గింజలు విడిగా గట్టు కింద పడి ఉంటాయి. వానపడిన మర్నాడు కొండవాలు బాట పక్కన సన్నటి కాలువల్లో చూడండి. మసూరుపప్పు గింజ నుంచి బఠాణీ గింజ దాకా ఉంటాయి. చాలావాటికి ముఖాలు సరిగ్గా ఉండవు. ఎక్కడో ఒకటి పన్నెండు ముఖాలతో, ప్రతి ముఖం ఏటవాలు పలకలా కనబడుతుంది. అది దొరికిన రోజు ఇంటికొచ్చి అందరికీ చూపిస్తారు, ఎవరూ పట్టించుకోరు.

సిలిమనైట్ తెల్లటి సన్న సూదుల కట్టలా ఉంటుంది, రాయి పొరల వెంట పరుచుకుని పట్టుదారంలా మెరుస్తుంది. గ్రాఫైట్ అవునో కాదో తేల్చుకోవాలంటే కాగితం మీద రుద్దడమే. పెన్సిల్ గీత పడితే గ్రాఫైట్, అభ్రకం గీత పెట్టదు.

సముద్రపు ఒడ్డు ఇంకో తరహా. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇటు చింతపల్లి, కోనాడ. ఇక్కడ రాళ్ల కంటే ఇసుకే గొప్ప. అల వెనక్కి పోయినచోట ఇసుక మీద నలుపు, గులాబీ చారలు పడి ఉంటాయి. మామూలు ఇసుక క్వార్ట్జ్, దాని సాంద్రత 2.65. గార్నెట్‌ది 4 చుట్టుపక్కల, నల్లటి టైటానియం ఖనిజం ఇల్మనైట్‌ది అంతకంటే ఎక్కువ. చేటలో బియ్యం చెరిగినట్టు అల తేలికదాన్ని లాక్కుపోయి బరువైనదాన్ని అక్కడే వదిలేస్తుంది. తుపాను తర్వాత ఈ చారలు మందంగా కనబడతాయి. చిటికెడు గులాబీ ఇసుక తెల్ల కాగితం మీద వేసి భూతద్దంలో చూస్తే కంకరలో చుక్కలుగా చూసిన గార్నెట్లే ఇక్కడ విడివిడిగా గుండ్రంగా కనబడతాయి. ఖోండలైటు కొండలోంచి గెడ్డలోకి, గెడ్డలోంచి నదిలోకి, నదిలోంచి సముద్రంలోకి ఆ గింజ చేసిన ప్రయాణం మీకు ఒకే సంచీలో దొరుకుతుంది. పాత హార్డ్‌డిస్క్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని కాగితం కింద జరిపితే నల్ల గింజలు దాని వెంట పాకుతాయి. పిల్లలకి ఇంతకంటే తొందరగా పట్టుబడే సరదా లేదు. నడవడం తేలిక, సుత్తి అక్కర్లేదు, ప్రమాదం అలలతోనే.

ఒక హద్దు మాత్రం ఉంది. ఆ నల్ల ఇసుకలో మోనజైట్ ఉంటుంది, దానిలో థోరియం. అణుశక్తి చట్టం పరిధిలోకి వచ్చే ఖనిజమది. తీరపు బరువు ఖనిజాల తవ్వకాన్ని 2019లో కేంద్రం ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. అగ్గిపెట్టెడు నమూనా వేరు, బస్తా నింపుకుని రావడం వేరు. బస్తా పని చేయకండి. గవ్వలు, పగడపు ముక్కల విషయంలో కూడా చెయ్యి ఆపుకోండి. పగడాలు, కొన్ని రకాల గవ్వలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి.

మాంగనీసు దిబ్బలు

విజయనగరం వాళ్లకి ఇదే అసలు గర్వకారణం. చీపురుపల్లి, గరివిడి, గర్భాం ప్రాంతంలో 1890ల నుంచే మాంగనీసు తవ్వారు, దేశంలో ఈ తవ్వకం మొదలైన తొలి చోట్లలో ఇదొకటి. ఫెర్మర్ అనే జీఎస్ఐ శాస్త్రవేత్త ఇక్కడి కోడూరు గనుల్లోని రాయికి కోడురైట్ అని పేరు పెట్టాడు. ఫెల్డ్‌స్పార్, మాంగనీసు గార్నెట్, అపటైట్ అనే ఫాస్ఫేటు ఖనిజం కలిసిన రాయి అది. ప్రపంచంలో ఎవరు ఆ పేరు పలికినా పలికేది మన ఊరి పేరే.

ఇక్కడ దొరికే ముద్దలు నల్లగా, చేతిలోకి తీసుకోగానే అనుకున్నదానికంటే బరువుగా ఉంటాయి. కొన్నింటి మీద బుడిపెలు బుడిపెలుగా నున్నటి పైపొర ఉంటుంది, అది సిలోమెలేన్ అనే మాంగనీసు ఖనిజం. వేళ్లకి మసి అంటితే అందులో పైరోలుసైట్ అనే ఇంకో మాంగనీసు ఖనిజం ఉన్నట్టు. టైలు ముక్క వెనక గరుకువైపు రుద్దితే నల్లటి గీత పడుతుంది. అదే ఇనుపరాయి హెమటైట్ అయితే రాయి నల్లగా ఉన్నా గీత ఎర్రమట్టి రంగులో వస్తుంది. ఈ ఒక్క పరీక్షతో సగం తగవులు తీరిపోతాయి.

అందం, అరుదు, చరిత్ర అన్నీ లెక్కేస్తే మన జిల్లాల్లో నంబర్ వన్ ఇదే. అయినా కొత్తవాళ్లకి మొదటి చోటుగా చెప్పను. లీజులో ఉన్న గనిలోకి అనుమతి లేకుండా పోకూడదు. వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, అంచులు కూలుతాయి, లోతు తెలియదు. దిబ్బ వాలు మీద రాళ్లు వదులుగా పేర్చినట్టుంటాయి, ఒకటి లాగితే పైవి జారతాయి. రోడ్డు పక్క పొలం గట్ల మీద రైతుని అడిగి ఏరుకున్నా కావలసినంత దొరుకుతుంది.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మట్టి పోవడానికి బాత్రూమ్ యాసిడ్‌లో రాళ్లు నానబెట్టే అలవాటు కొందరికి ఉంది. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. మాంగనీసు రాయి దానిలో పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులు మూసిన బాత్రూములో ఊపిరాడదు. నీళ్లు, పాత టూత్‌బ్రష్, ఓపిక చాలు.

రంగురాళ్ల సంగతి

ఎవరితో రాళ్ల మాట ఎత్తినా రెండో ప్రశ్న "రంగురాళ్లు దొరుకుతాయా, ఎంతొస్తుంది" అనే. తూర్పు కనుమల్లో వైడూర్యం లాంటివి ఉన్నమాట నిజమే. అది హాబీ కాదు, జూదం. లైసెన్సు లేని తవ్వకం నేరం, సొరంగాలు కూలి మనుషులు పోయిన వార్తలు ఏజెన్సీ వైపు నుంచి ఎన్నోసార్లు విన్నాం, మధ్యలో దళారులు. డబ్బు కోసమైతే ఇక్కడితో ఆగిపోండి, మిగతా సలహా మీకు పనికిరాదు.

సామాను: కొనాల్సింది, అక్కర్లేనిది

మొదట కొనాల్సింది సుత్తి అనుకుంటారు. మొదట కొనాల్సింది 10 రెట్లు చూపించే చిన్న భూతద్దం, బంగారం పనివాళ్లు వాడే లూప్. కొన్ని వందల్లో వస్తుంది. 30 రెట్లు, 60 రెట్లు అని రాసి అమ్మేవాటి జోలికి పోకండి, రాయి మీద ఫోకస్ నిలవదు, ఇరుకుగా చీకటిగా కనబడుతుంది. లూప్‌ని కంటికి ఆనించి పట్టుకుని రాయిని దగ్గరికి తేవాలి. చాలామంది రాయి దగ్గర లూప్ పెట్టి కన్ను దూరంగా ఉంచుతారు, అందుకే ఏమీ కనబడదంటారు.

సుత్తి విషయానికొస్తే, ఎస్ట్‌వింగ్ లాంటి కంపెనీల జియాలజీ సుత్తి పిడితో సహా ఒకే ఉక్కుతో చేసింది, వేలల్లో ఉంటుంది, తరతరాలకి మిగులుతుంది. మేకులు కొట్టే వడ్రంగి సుత్తితో రాళ్లు కొట్టొద్దు, దాని అంచు పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. మొదటి ఏడాది అసలు సుత్తి లేకుండా తిరగమనే నేను చెబుతాను. పైన చెప్పిన చోట్లన్నింటిలో ఎవరో ఒకరు, క్రషరో వరదో గనివాళ్లో, రాయిని ఇప్పటికే పగలగొట్టి పెట్టారు. తర్వాత కూడా కావాలనిపిస్తే అప్పుడు మంచిదే కొనుక్కోండి, దానితోపాటు కళ్లద్దాలు. పలుగురాయి పొడి పీల్చడం ఊపిరితిత్తులకి చేటు, రాయి పగలగొట్టేటప్పుడు తడిపి కొట్టండి.

మిగతా పరీక్ష సామాను ఇంట్లోదే. గట్టిది మెత్తదాన్ని గీస్తుంది, అంకె పెద్దదైన కొద్దీ గట్టి. గోరు కాఠిన్యం 2.5, రాగి ముక్క 3, గాజు పెంకు 5.5, పలుగురాయి 7. మోస్ అనే ఆయన 1812లో పెట్టిన ఈ కొలత ఇప్పటికీ నడుస్తోంది. గాజుని గీస్తే క్వార్ట్జో ఫెల్డ్‌స్పారో గార్నెట్టో, గీయలేకపోతే కాల్సైటో (సున్నపు ఖనిజం) అభ్రకమో ఇంకేదో. నిమ్మరసానికో వెనిగర్‌కో నురగొస్తే కాల్సైట్. టైలు వెనకవైపు, అయస్కాంతం సరేసరి.

ఎక్కడ చెయ్యి పెట్టకూడదు

రిజర్వు ఫారెస్టులో రాయి కూడా అటవీ ఉత్పత్తి కిందే లెక్క, సంచీలో వేసుకుంటే గార్డు ఆపుతాడు. చూడండి, ఫోటో తీసుకోండి, వచ్చేయండి. శాలిహుండం, రామతీర్థం లాంటి బౌద్ధ స్థలాల్లో పెంకు ముక్క కూడా కదపకూడదు. ఏటి ఒడ్డున రెండు వైపులా పెచ్చులు తీసి పదును పెట్టినట్టున్న చిన్న రాయి కనబడితే అది పాత రాతి పనిముట్టు కావచ్చు. అక్కడే ఉంచి, పక్కన నాణెం పెట్టి ఫోటో తీసి, చోటు రాసుకుని పురావస్తు శాఖకి చెప్పాలి, దాన్ని కదిపితే అది చెప్పగల కథలో సగం పోతుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు జీఎస్ఐ గుర్తించిన భూవారసత్వ స్థలం. అవీ, బొర్రా గుహల సున్నపు ఊడలూ రెండూ చూడడానికే. పొలమైతే రైతుని, క్వారీ అయితే మేనేజరుని అడగడం మామూలు మర్యాద. చెప్పులతో వెళ్లొద్దు, రాయి ఎత్తేటప్పుడు దూరపు అంచు పట్టుకుని మీ వైపు కాకుండా అవతలికి తెరుచుకునేలా ఎత్తండి, కింద తేలో జెర్రో ఉంటుంది.

మరి మీకు ఏది?

ఎనిమిది పదేళ్ల పిల్లలున్న ఇంటికి సముద్రపు ఒడ్డు, అయస్కాంతం. ఇంటర్, డిగ్రీ చదివే వాళ్లకి కంకర కుప్పతో మొదలుపెట్టి, ఒక చలికాలమంతా ఒకే గెడ్డ వెంట పైకి నడవమంటాను. ఏ మలుపు దగ్గర ఏ రాయి కొత్తగా కలుస్తోందో రాసుకుంటూ పోతే కొండ మీద ఏ పొర ఎక్కడుందో ఎక్కకుండానే తెలుస్తుంది, పుస్తకంలో లేని చదువది. మోకాళ్ల నొప్పులున్న రిటైరైన వాళ్లకి టెక్కలి పాలిష్ ముక్కలు, కొనుక్కున్న ఒకటి రెండు అమ్మోనైట్లు, ఒక మంచి టేబుల్ లైటు. ఫీల్డు అలవాటున్నవాళ్లు, తోడు ఉన్నవాళ్లు మాంగనీసు వైపు. ఫాసిల్ తప్ప ఇంకేదీ వద్దనుకునేవాళ్లు ముందు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ శాఖలో ఎవరినైనా కలిసి, ఫీల్డ్ ట్రిప్పు ఎప్పుడుందో కనుక్కోవడం మేలు.

దేన్ని ఎంచుకున్నా చీటీ పని ఒక్కటే. రాయి మీద కనబడని మూలన వైట్‌నర్ చుక్క పెట్టి, ఆరాక దాని మీద నంబరు వేయండి. నోటుబుక్కులో అదే నంబరు ఎదురుగా ఊరు, ఏటి పేరు, ఏ ఒడ్డు, తేదీ, పరీక్షల్లో ఏం తేలింది. "గార్నెట్, విజయనగరం" అని రాస్తే ఏడాది తర్వాత మీకే ఉపయోగపడదు. "చంపావతి, గజపతినగరం వంతెనకి ఎగువన, కుడి ఒడ్డు మేట" అని రాస్తే ఎవరైనా మళ్లీ అక్కడికి వెళ్లి చూడగలరు. రాయి పేరు తెలియకపోతే ఖాళీ వదలండి, తర్వాత నింపొచ్చు. చోటు మాత్రం అక్కడే, రాయి చేతిలో ఉండగానే రాయాలి. కోడిగుడ్ల అట్ట ట్రేలు కిరాణా కొట్టులో ఊరికే ఇస్తారు, ఒక్కో గుంతలో ఒక్కో రాయి. ట్రేలు నాలుగు దాటాక మంచం కింద చోటు గురించి ఇంట్లో మాట వస్తుంది. అప్పుడు ఒకే రకం రాళ్లలో బాగున్నది ఒకటి ఉంచి, మిగతావి ఎక్కడివక్కడ పోయలేం కాబట్టి, దగ్గర్లోని స్కూలు సైన్సు మాస్టారికి చీటీలతో సహా ఇచ్చేయండి.